నడక నేర్పినవాడు

బొంబాయి, 1956

గదిలో ఫ్యాను చప్పుడు, కాగితం మీద పెన్సిల్ గరగర. మీరు ఒక పాతికేళ్ల కుర్రాడి వెనక నిలబడి ఉన్నారు. అతని బల్ల మధ్యలో గాజుపలక, దాని కింద దీపం. గాజు అంచున మూడు చిన్న మేకులు. కాగితాలన్నింటికీ ముందే కన్నాలు పెట్టి ఉన్నాయి. వాటిని మేకుల్లోకి దించితే కాగితం వెంట్రుకవాసి కూడా జరగదు. కింది కాగితం మీది బొమ్మ దీపం వెలుగుకి పై కాగితంలోకి లీలగా తేలి వస్తుంది. దానికి కాస్త ముందుకు, కాస్త పైకి మరో బొమ్మ. ఆ పైన ఇంకోటి.

అయిదు కాగితాలయ్యాక వాటిని ఎడంచేతి వేళ్ల సందుల్లో ఇరికించి టపటపా ఆడిస్తాడు. బొమ్మ అడుగు వేస్తుంది. కాలైతే కదిలింది, మనిషి మాత్రం నడవలేదు. ఒంట్లో బరువే లేదు, గాలిలో తేలిపోతున్నాడు. కుర్రాడు రబ్బరు అందుకుంటాడు.

అతని పేరు రామ్ మోహన్. మద్రాసు యూనివర్సిటీలో చదివింది కెమిస్ట్రీ, మనసు పడింది బొమ్మల మీద. భారత ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ కొత్తగా కార్టూన్ విభాగం పెడుతుంటే వచ్చి చేరారు. బల్లల మధ్య తిరుగుతూ ఒక్కో భుజం మీదుగా తొంగిచూస్తున్న అమెరికన్ క్లేర్ వీక్స్. మిషనరీ దంపతులకు ఇండియాలోనే పుట్టిన మనిషి. డిస్నీ స్టూడియోలో ‘స్నో వైట్’, ‘బాంబి’, ‘పీటర్ పాన్’ సినిమాలకు పనిచేసి, అమెరికా సాంకేతిక సహాయ పథకం కింద ఈ కుర్రాళ్లకు పని నేర్పడానికి వచ్చారు.

‘బాంబి’ తీసేటప్పుడు డిస్నీ స్టూడియోకి మెయిన్ రాష్ట్రం నుంచి రెండు జింకపిల్లల్ని రప్పించారు. ఆర్టిస్టులు వాటి చుట్టూ చేరి, లేచేటప్పుడు ముందు ఏ కాలు ఆనిస్తాయో, అలికిడైతే చెవి ఎటు తిప్పుతాయో చూసి గీశారు. అక్కడి నుంచి వచ్చిన వీక్స్ ఇక్కడ ఈ కొత్త జట్టుతో మొదలుపెట్టిన సినిమా కూడా జింకదే. పేరు ‘ది బన్యన్ డీర్’, 1957లో పూర్తయింది. కథ మన జాతకకథల్లోది. వేటకు మరిగిన రాజుకి రోజుకొక జింక తనంతట తానే తల అప్పగించాలని ఒప్పందం. ఒకరోజు వంతు చూలుతో ఉన్న ఆడజింకది. దాని బదులు మందకు రాజైన జింక వెళ్లి కత్తి కింద మెడ పెడుతుంది.

ఇప్పుడు మీరే ఆ బల్ల ముందు కూర్చోండి. తెలిసి తెలిసి చావుకి పోతున్న జింక ఎలా నడుస్తుంది? తడబడుతూనా, నిబ్బరంగానా? ఆగి ఒకసారి వెనక్కి చూస్తుందా? నడకకు మాట లేదు, పాట లేదు. ఉన్నవల్లా నాలుగు కాళ్లు, ఒక మెడ. దాని త్యాగం ప్రేక్షకుడికి అర్థమయ్యేదీ, కాకుండా పోయేదీ మీరు గీసే నడకలోనే.

యానిమేషన్ నేర్చుకునే ఎవరికైనా మొదటి పాఠం నడకే. మనిషి నడకలో నాలుగు భంగిమలు పట్టుకోవాలి. రెండు పాదాలూ ఎడంగా నేలను తాకిన క్షణం. బరువు ముందుకాలి మీద పడి ఒళ్లు కిందికి కుంగే క్షణం. వెనక కాలు ముందుకాలిని దాటే క్షణం. మునివేళ్ల మీద ఒళ్లు పైకి లేచే క్షణం. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు కావాలి. మామూలు నడకలో రెండడుగులకు సుమారు సెకను. అంటే ఆ పన్నెండు బొమ్మల్లో మనిషి బరువు, వయసు, ఆ పూట అతని మనసు, అన్నీ ఇమడాలి.

అయితే పాఠంలో ఉన్న నడక బూట్లు వేసుకుని చదునైన బాట మీద నడిచే మనిషిది. కిటికీలోంచి బొంబాయి రోడ్డు చూడండి. నెత్తిన బరువెత్తుకున్న కూలీకి మెడ కదలదు, కదిలేదంతా నడుము కిందే. పంచె కట్టినాయన ఎడంచేత్తో కుచ్చిళ్లు ఎత్తిపట్టి బురద దాటుతున్నాడు, అందుకని ఒక చెయ్యి అసలు ఊగదు. చెప్పులేసుకున్న మనిషి బొటనవేలు వంచి చెప్పును పట్టి నడుస్తాడు. పాదం లేచిన ఒకటి రెండు ఫ్రేములకు గానీ చెప్పు మడమ లేవదు. లేచి మడమకు టప్పున తగులుతుంది. ఆ రెండు ఫ్రేముల ఆలస్యాన్ని పట్టుకుంటే తెరమీద మన మనిషి నడుస్తాడు. వదిలేస్తే మన బట్టలు తొడుక్కున్న పరాయి మనిషి నడుస్తాడు.

రామ్ మోహన్ ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా ఈ రంగంలో ఉన్నారు. గీశారు, దర్శకత్వం చేశారు, స్టూడియో నడిపారు, నిర్మాతగా డబ్బు లెక్కలు చూశారు, చివరికి బడి పెట్టారు. పనితనం ప్రతిసారీ బయటి దేశం నుంచి వచ్చింది, నడక మాత్రం ఇక్కడిది కావాల్సి వచ్చింది. ఆయన పనిలో ఏ దశ చూసినా ఈ రెంటినీ కలిపే తంటాయే కనిపిస్తుంది.

తెనాలి, 1960లలో ఒక సాయంత్రం

మీరు నేల టికెట్ కొనుక్కుని హాల్లోకి వచ్చారు. ఆడేది ఎన్టీఆర్ సినిమా కావచ్చు, నాగేశ్వరరావుది కావచ్చు. ముందు మాత్రం ఫిల్మ్స్ డివిజన్ రీలు. అప్పట్లో ప్రతి హాలూ దాన్ని వెయ్యాల్సిందే, చట్టం. తెలుగుతో సహా అన్ని పెద్ద భాషల్లోనూ కంఠం మార్చి దేశమంతా పంపేవారు. తెలిసినవాళ్లు న్యూస్‌రీల్ అయ్యాక పోదాంలే అని బయట టీ తాగుతుంటారు. పిల్లలు మాత్రం ముందే వచ్చి కూర్చుంటారు, ఎప్పుడైనా బొమ్మల రీలు పడుతుందన్న ఆశతో. పొదుపు గురించో ఆరోగ్యం గురించో చెబుతూనే, గీతలతో గీసిన మనిషి తెరమీద తుళ్లి పడితే హాలంతా నవ్వు.

ఆ నవ్వు వెనకున్న గదిలోకి ఒకసారి పోదాం. మధ్యలో నిలువెత్తు ఇనుప చట్రం, దాని పైన నేలచూపులు చూస్తున్న కెమెరా. కింద బల్ల మీద రంగులతో వేసిన నేపథ్యం, దానిపైన పారదర్శకమైన ప్లాస్టిక్ పలక. సెల్ అంటారు. గీత ముందువైపు సిరాతో, రంగు వెనకవైపు బ్రష్షుతో. అలాగైతే బ్రష్షు చారలు ముందుకు కనపడవు, గీత మీదికి రంగు పాకదు. కెమెరామన్ చేతులకు తెల్లటి నూలు గ్లౌజులు. వేలిముద్ర పడితే తెరమీద అది బొప్పాయంత కనపడుతుంది. సెల్ పెట్టాలి, పైన గాజు దించాలి, ఒక ఫ్రేము తియ్యాలి, గాజు ఎత్తాలి, సెల్ మార్చాలి. పక్కన డోప్ షీట్, ఏ ఫ్రేములో ఏ బొమ్మ పడాలో వరసగా రాసిన కాగితం. పది నిమిషాల సినిమాకు 14,400 ఫ్రేములు. మధ్యలో ఒక్క సెల్ తారుమారైతే తెరమీద పాత్ర చెయ్యి ఉలిక్కిపడుతుంది, ఆ షాటు మళ్లీ మొదటి నుంచి తియ్యాల్సిందే.

1961లో ఈ విభాగంలోకి భీమ్‌సేన్ అనే యువకుడు వచ్చారు. ఆయన పని నేపథ్యాలకు రంగులెయ్యడం. అంటే పాత్రలు నడిచే చెట్లూ ఇళ్లూ ఆకాశమూ ఆయనవి, నడక ఇంకొకరిది. ఆ నడక ఆయనకు నేర్పింది రామ్ మోహన్. పదేళ్లు తిరక్కుండానే భీమ్‌సేన్ సొంతంగా ‘ది క్లైంబ్’ తీసి షికాగో చిత్రోత్సవంలో సిల్వర్ హ్యూగో గెలిచారు. 1974లో విజయా మూలే దర్శకత్వంలో ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్‌తా’కు బొమ్మలు కదిలించారు. దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో పెరిగిన తెలుగువాళ్లకు ఆ పిట్టలూ వలా వేటగాడూ కథ ఇప్పటికీ గుర్తే. హిందీ రాని ఇళ్లలో కూడా పిల్లలు ఆ పాటను తోచినట్టు కూనిరాగం తీశారు. తర్వాత ఆయన బొమ్మలు దాటి, బొంబాయిలో గూడు వెతుక్కునే జంట మీద ‘ఘరౌండా’ అనే మామూలు సినిమా కూడా తీశారు.

ఆ ప్రయాణాన్ని గమనించండి. రంగులు వేసే మనిషికి కదలిక నేర్పితే అతను యానిమేటర్ అయ్యాడు. యానిమేటర్ తన కథ తను చెప్పుకోవడం మొదలుపెడితే దర్శకుడయ్యాడు. గురువు పేరు ఆ సినిమాల మీద ఉండదు, ఉండాల్సిన పనీ లేదు.

సొంత స్టూడియో, 1972

అంతకు నాలుగేళ్ల ముందే, 1968లో, రామ్ మోహన్ సర్కారు ఉద్యోగం వదిలేశారు. ప్రసాద్ ప్రొడక్షన్స్ యానిమేషన్ విభాగానికి పెద్దగా వెళ్లారు. ఏలూరు దగ్గరి పల్లె నుంచి బొంబాయికి పోయి, హిందీ, తెలుగు, తమిళ తొలి టాకీలు మూడింటిలోనూ కనిపించిన ఎల్.వి. ప్రసాద్ కట్టుకున్న సంస్థ అది. 1972లో సొంత బోర్డు కట్టారు, రామ్ మోహన్ బయోగ్రాఫిక్స్.

మీరిప్పుడు నిర్మాత కుర్చీ పక్కన ఉన్నారు. బొమ్మల సినిమా కావాలంటూ ఎవరూ తలుపు తట్టరు. వచ్చేవి ప్రకటనలు, సినిమాలకు టైటిళ్లు, ప్రభుత్వ ప్రచార చిత్రాలు. ముప్ఫై సెకన్ల ప్రకటనకు 720 ఫ్రేములు. పెళ్లివంటకు సరుకుల లెక్క కట్టినట్టు ముందే కట్టుకోవాలి: ఎన్ని బొమ్మలు, ఎన్ని సెల్స్, ఎంత రంగు, ఎంతమంది, ఎన్ని రోజులు. కీలకమైన భంగిమలు పెద్ద ఆర్టిస్టు గీస్తాడు. రెంటి మధ్యా వచ్చే బొమ్మలు కుర్రాళ్లు గీస్తారు, వాళ్లను ఇన్‌బిట్వీనర్లంటారు. సిరా వేసేవాళ్లు వేరు, రంగులు నింపేవాళ్లు వేరు. ఒక్కరు జారితే మిగతావాళ్ల పని ఆగుతుంది.

ఆ కుర్రాళ్లెక్కడి నుంచి వస్తారు? ఆ రోజుల్లో దేశంలో యానిమేషన్ నేర్పే చోట్లు దాదాపు లేవు. గుమ్మంలోకి వచ్చేవాడు ఆర్ట్స్ స్కూల్లో నిశ్చలచిత్రాలు గీసిన పిల్లవాడో, సైన్‌బోర్డులు రాసిన చెయ్యో అయి ఉంటాడు. బొమ్మ అందంగా వస్తుంది, కదిలించమంటే కదలదు. కాబట్టి నిర్మాతకు మేష్టారు కాక తప్పదు. ఈ రంగంలో శిక్షణ దయాధర్మం కాదు, ఖర్చుల పద్దులో ఒకటి. అయితే చాలామంది నిర్మాతలు తమ షాటుకు ఎంత కావాలో అంతే నేర్పి ఊరుకుంటారు. ఇన్‌బిట్వీనరు ఇరవై ఏళ్లు ఇన్‌బిట్వీనరుగానే ఉంటే స్టూడియోకి చవక. రామ్ మోహన్ చుట్టూ ఉన్నవాళ్లు అలా ఆగిపోలేదు, సొంత స్టూడియోలు పెట్టుకునేదాకా పోయారు. అందుకే ఆయన్ని దేశమంతా భారతీయ యానిమేషన్‌కు తండ్రి అంది.

పని చిన్నదని ఆలోచన చిన్నది కానక్కర్లేదు. 1969లో మృణాల్ సేన్ ‘భువన్ షోమ్’లో, 1978లో బి.ఆర్. చోప్రా ‘పతి పత్నీ ఔర్ వో’లో ఆయన బొమ్మలున్నాయి. వాటి మధ్య, 1977లో, సత్యజిత్ రాయ్ ‘షత్రంజ్ కే ఖిలాడీ’. అవధ్ రాజ్యం ఏదో ఒకరోజు మన నోట్లో రాలే చెర్రీపండని గవర్నర్ జనరల్ డల్హౌసీ రాసిన మాటను రాయ్ పట్టుకున్నారు. హాల్లో కూర్చుని చూడండి. తెరమీద ఒక్కో సంస్థానమూ ఒక్కో చెర్రీపండై దొరగారి నోట్లోకి పోతుంది. చరిత్ర పుస్తకంలో పేజీలకు పేజీలు పట్టే ఆక్రమణ, పండు మింగే ఒక్క కదలికలో అయిపోయింది. ఆ తేలికే అందులోని దారుణం. 1972లో ఆయన బొమ్మల చిత్రం ‘యూ సెడ్ ఇట్’కు, ఆ పైన ‘ఫైర్ గేమ్స్’కు జాతీయ పురస్కారాలు వచ్చాయి. స్టూడియో అద్దెకు మాత్రం ప్రకటనలే దిక్కు.

టోక్యో, 1990 ప్రాంతం

ఇప్పుడు మీరు నిలబడ్డ గది పెద్దది, బల్లలు వరసలుగా ఉన్నాయి. అదే గాజు, అదే దీపం, అవే మేకులు. వంగి గీస్తున్నవాళ్లు జపనీయులు. గీస్తున్నది రాముణ్ణి.

యుగో సాకో అనే జపాన్ దర్శకుడు 1983లో, రామాయణ స్థలాల్లో పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ చేయించిన తవ్వకాల మీద డాక్యుమెంటరీ తీయడానికి వచ్చి, రామకథ మోజులో పడ్డారు. జపాన్ భాషలో దొరికిన రామాయణాలు చదివారు. దేవుడైన రాముడికి ఏ నటుడూ సరిపోడని, బొమ్మలే సరైన దారని అనుకున్నారు. విదేశీయుడు రామాయణం తియ్యడమేమిటని మొదట్లో ఇక్కడ అభ్యంతరాలు లేచాయి. భారత ప్రభుత్వం భాగస్వామి కావడానికి ఒప్పుకోలేదు. చివరికి పని జపాన్‌లోనే మొదలైంది. 450 మంది ఆర్టిస్టులు, సుమారు లక్ష సెల్స్, రెండుంబావు గంటల సినిమా. సాకో, కోయిచి ససాకిలతో పాటు దర్శకుడిగా రామ్ మోహన్.

ఒక బల్ల దగ్గర ఆగండి. ఆ ఆర్టిస్టు చెయ్యి గొప్పది. కత్తి దూసే విసురు, గాలికి రేగే జుట్టు, వాన, మంట, ఏదైనా అవలీలగా గీస్తాడు. ఇప్పుడు రాజకుమారుణ్ణి నేల మీద కూర్చోబెట్టాలి. జపాన్ చెయ్యికి అలవాటైన కూర్చోవడం మోకాళ్లు మడిచి మడమల మీద. మనవాడు బాసింపట్టు వేస్తాడు. పెద్దల ముందు జపాన్ నడుము నుంచి వంగుతుంది. మనవాడు పాదాల దాకా వంగుతాడు, అప్పుడు పెద్దాయన చెయ్యి తలమీదికి వస్తుంది. ఆ చెయ్యి ఎప్పుడు లేవాలి? ఇతను పూర్తిగా వంగాకా, వంగుతుండగానా? దీవెన ముందుగా వస్తే తొందరపాటులా ఉంటుంది, ఆలస్యమైతే కోపంలా ఉంటుంది. అదంతా ఎనిమిది పది ఫ్రేముల వ్యవహారం.

తర్వాత పంచె. కిమోనో ఒంటిని చుట్టి నిటారుగా దిగుతుంది. పంచె కాళ్ల మధ్య నుంచి వెనక్కి పోయి నడుములో దోపుకుంటుంది. పరిగెడితే రెండు కాళ్ల మీదా వేర్వేరుగా రెపరెపలాడుతుంది, ముందు కుచ్చిళ్లు ఒక్క లయలో ఊగుతాయి. ఫొటో చూసి గీస్తే నిలబడ్డప్పుడు బాగానే ఉంటుంది, పరిగెత్తించగానే లుంగీ అవుతుంది. కాబట్టి మనవాళ్లు అక్కడి ఆర్టిస్టులకు పంచె ఎలా కట్టాలో, పిల్లలు పెద్దల ఆశీర్వాదం ఎలా తీసుకుంటారో చేసి చూపించారు. మూడున్నర దశాబ్దాల కింద అమెరికన్ గురువు ముందు కాగితాలు ఆడించిన మనిషి, ఇప్పుడు ప్రపంచంలోకెల్లా ఆరితేరిన చేతులకు నడక దిద్దుతున్నారు.

ఆ సినిమా, ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామా’, 1992లో పూర్తయింది. అప్పట్లో మన హాళ్లలో పెద్దగా ఆడలేదు. ఆ తర్వాత టీవీలో, వీడియోల్లో చూసి పెరిగిన తరం దాన్ని తమ చిన్ననాటి సొత్తు చేసుకుంది.

ఒక పల్లె, మీనా బొమ్మ చుట్టూ

టోక్యో నుంచి నేరుగా పల్లెలోకి రండి. బంగ్లాదేశ్ కావచ్చు, ఇండియా, నేపాల్, పాకిస్తాన్ కావచ్చు. చెట్టుకింద జనం, వాళ్ల చేతుల్లో కాగితాల మీద గీసిన ఒక పిల్ల బొమ్మ. ఈ పిల్ల ఎవరిలా ఉంది? మీ ఊరి పిల్లేనా? ఈ బట్టలు మీవాళ్లు కడతారా? అడిగేవాళ్లు యూనిసెఫ్ మనుషులు.

సార్క్ దేశాలు 1990లను ఆడపిల్లల దశాబ్దంగా ప్రకటించాయి. ఆడపిల్ల చదువు, తిండి, పెళ్లి గురించి నాలుగు దేశాల పల్లెల్లో ఉపన్యాసం లేకుండా మాట్లాడాలి. దానికి యూనిసెఫ్ ఎంచుకున్నది ఒక కార్టూన్ పిల్లను. మీనాకు రూపం ఇచ్చింది రామ్ మోహన్. తొమ్మిది పదేళ్ల పిల్ల, తమ్ముడు రాజు, మిఠూ అనే చిలక. కథలూ బొమ్మలూ ముందుగా ఊళ్లలో వేలమందికి చూపించి, వాళ్లు కాదన్నవి మార్చి, అప్పుడు తెరకెక్కించారు. తొలి ఎపిసోడ్ల పని మనీలాలోని హన్నా-బార్బెరా స్టూడియోలో జరిగింది. 1993లో బంగ్లాదేశ్ టెలివిజన్‌లో మీనా మొదటిసారి కనిపించింది.

ఆ మొదటి కథ చూడండి. మీనాకి బడికి పోవాలని ఉంది, ఇంట్లో పంపరు. చిలకను పంపుతుంది. చిలక బడి కిటికీ దగ్గర ఎక్కాలు విని వచ్చి మీనాకు అప్పజెబుతుంది. మీనా ఆ లెక్కతో పెరట్లో కోళ్లను లెక్కబెడితే ఒకటి తగ్గుతుంది. దొంగ దొరుకుతాడు. కోడి విలువ తెలిసిన తండ్రికి చదువు విలువ అప్పుడు తెలుస్తుంది. ఆడపిల్లను చదివించండి అన్న వాక్యం ఒక్కసారి కూడా అక్కర్లేకపోయింది. ఇంకో కథలో మామిడిపండు పంచుతారు, రాజుకి పెద్ద ముక్క. అక్కాతమ్ముళ్లు ఒకరోజు పనులు మార్చుకుంటారు. సాయంత్రానికి రాజు నడుం పట్టేసి కూలబడతాడు.

కథలు చెప్పాలనుకునే కుర్రకారుకి ఇంతకన్నా మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది? ముందు బొమ్మ గీయి, తీసుకెళ్లి ఊరివాళ్లకు చూపించు, వాళ్ల మొహం చూడు. వాళ్లు నవ్వకపోతే తప్పు వాళ్లది కాదు.

ముంబై, 2006

ఊరి పేరు మారింది, దీపం బల్లలు పోయాయి. 1998కల్లా రామ్ మోహన్ స్టూడియో టీవీ సంస్థ యూటీవీతో కలిసి పెద్ద సంస్థ అయింది. ఇండియాకు విదేశీ కార్టూన్ల పని వరదలా వస్తున్న కాలం. హైదరాబాద్‌తో సహా నగరాల్లో వందలమంది కుర్రాళ్లు రాత్రింబవళ్లు షాట్లు కొడుతున్నారు. కథ అమెరికాలోనో యూరప్‌లోనో రాసి ఉంటుంది, పాత్ర అక్కడిది, నడక అక్కడిది. ఇక్కడ జరిగేది మధ్య బొమ్మలు నింపడం. జీతాలొచ్చాయి, పనితనం పెరిగింది. వేలమంది ఇన్‌బిట్వీనర్ల దేశం తయారైంది.

డెబ్బై అయిదేళ్ల వయసులో ఆయన ముంబైలో గ్రాఫిటీ స్కూల్ ఆఫ్ యానిమేషన్ పెట్టారు. యానిమేషన్ తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని చూడండి. ఇలాంటి ప్రతి తరగతిలోనూ ఇదే జరుగుతుంది. నడక గీసుకు రమ్మంటే పదిమందిలో ఆరుగురు సూపర్‌హీరోని తెస్తారు. ఛాతీ ముందుకు, భుజాలు వెడల్పు, కాళ్లు స్ప్రింగుల్లా. కంప్యూటర్ మీద నున్నగా కదులుతుంది, తప్పు పట్టడానికేమీ ఉండదు, గుర్తుండేదీ ఏమీ ఉండదు. ఒకమ్మాయి మాత్రం వాళ్ల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని తెచ్చింది. రాత్రి డ్యూటీ దిగి పొద్దున్నే ఇంటికి పోతున్న మనిషి. లాఠీ చంకలో, టిఫిన్ డబ్బా చేతిలో. డబ్బా ఖాళీ కాబట్టి తేలిగ్గా ఊగుతుంది, కాళ్లు మాత్రం బరువుగా పడుతున్నాయి. ఒక్క మనిషిలో రెండు బరువులు. క్లాసు దానివైపు తిరుగుతుంది.

తర్వాత స్టోరీబోర్డు. కథను గళ్లు గళ్లుగా గీసి గోడమీది సాఫ్ట్‌బోర్డుకు పిన్నులతో వరసగా గుచ్చుతారు. గీసినవాడు పక్కన నిలబడి, వేలితో చూపిస్తూ, పాత్రల గొంతులు తనే పెట్టి కథ మొత్తం చెప్పాలి. సిగ్గుపడే పిల్లలకు చావొచ్చినంత పని. చెప్పడం అయ్యాక అసలు పరీక్ష. ఇప్పుడు నోరు మూసుకుని నిలబడు, మిగతావాళ్లు బొమ్మలు మాత్రమే చూసి కథేమిటో చెప్పాలి. వాళ్లకు అర్థం కాని గడి దగ్గర పిన్ను ఊడుతుంది. నోటితో చెప్పిన కథలో ఎంత భాగం నిజంగా కాగితం మీదుందో అక్కడ తేలిపోతుంది. గురువు చెయ్యాల్సింది ఒక్కటే, ఊడిన గడిలో తన బొమ్మ గీసి పెట్టకుండా ఉండటం. యాభై ఏళ్ల అనుభవం చేతిలో ఉన్నవాడికి అది అన్నింటికన్నా కష్టం.

2014లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019 అక్టోబర్ 11న, 88 ఏళ్ల వయసులో, ముంబైలో కన్నుమూశారు.

హైదరాబాద్, 2025

జనవరి 24. మీరు సినిమాకు వచ్చారు. టోక్యోలో గీసిన ఆ రామాయణం, 4కెలో శుభ్రం చేసి, మొదటిసారిగా తెలుగు మాటలతో హాల్లో వేస్తున్నారు. పక్క సీట్లో ఎనిమిదేళ్ల పిల్లవాడు పాప్‌కార్న్ తింటూ చూస్తున్నాడు. వాడికి సెల్స్ అంటే తెలియదు, లక్ష బొమ్మల లెక్క అక్కర్లేదు. రాముడు విల్లెక్కుపెడితే వాడు సీట్లో ముందుకు వంగుతాడు. ముప్ఫై ఏళ్ల కిందటి గీత వాణ్ణి వంచుతోంది.

వాడికి తెలిసిన యానిమేషన్ ఇంకోటుంది. 2001లో రాజీవ్ చిలకా ఇదే ఊళ్లో గ్రీన్ గోల్డ్ స్టూడియో పెట్టారు. 2008లో పోగో చానెల్లో ‘ఛోటా భీమ్’ మొదలైంది. పంచె కట్టి, లడ్డూ తిని పరిగెత్తే కుర్రాడు. రామ్ మోహన్ శిష్యరికం చేసి తీసిన కార్టూన్ కాదది. కానీ పరాయి షాట్లు నింపే ఊళ్లోంచే ఇక్కడి కుర్రాడు ఒకడు తెరమీదికి పరిగెత్తుకొచ్చాడు, దేశంలో పిల్లలు వెంటపడ్డారు. మన నడకకు గిరాకీ ఉందని లెక్కల్లో కూడా తేలింది.

ఇప్పుడు ఈ నగరంలో యానిమేషన్ కుర్రాళ్ల టేబుల్ మీద కొత్త భయం ఉంది. మధ్య బొమ్మలు నింపే పనిని యంత్రం నేర్చుకుంటోంది. రెండు భంగిమలిస్తే మధ్యవి తనే గీస్తుంది, నున్నగా, అలసట లేకుండా. ఆ పనే జీవనాధారం చేసుకున్నవాళ్లకు ఇది చిన్న దెబ్బ కాదు. అయితే ఆ రెండు భంగిమలూ ఎవరివి? ఖాళీ డబ్బాతో ఇంటికి పోయే వాచ్‌మన్‌ది ఒకటుంటుందని యంత్రానికి ఎవరో ఒకరు చూసి చెప్పాలి. చూడటం నేర్చుకున్నవాడికి ఇంకా పని ఉంది.

కాబట్టి ఈ వ్యాసం చదువుతున్నది బొమ్మలు గీసే పిల్లలైతే, రేపు పొద్దున తొమ్మిదింటికి కోఠి బస్టాప్‌కి వెళ్లండి. ఫోన్ జేబులో పెట్టేసి, చిన్న పుస్తకం, పెన్సిల్ తీయండి. కదిలిన బస్సును అందుకోవడానికి పరిగెత్తే గుమస్తా, కూరల సంచీ తుంటికి ఆనించి నడిచే పెద్దావిడ, కొత్త బూట్లు కరుస్తుంటే మునివేళ్ల మీద నడిచే ఇంటర్ పిల్ల, వీళ్లలో ఒక్కరిని ఎంచుకోండి. పన్నెండు బొమ్మలు గీయండి. ఆడించి చూడండి. బరువు రాకపోతే ఎల్లుండి మళ్లీ వెళ్లండి.